ఐదో పట్టు

తాటివనంలో ఆడవాళ్ళు తలెత్తి చూడరు. చూడొద్దని ఎవరూ శాసనం రాసిపెట్టలేదు గానీ, అరవై అడుగుల ఎత్తున ఒక్క మోకు ఆధారంతో మొగుడు వేలాడుతుంటే చూస్తూ నిలబడే ఆడది ఇంకా పుట్టలేదు. అందుకని వింటారు. కల్లు దించితే పోసుకుపోయే కుండ చంకన పెట్టుకుని, చెట్టు మొదట్లో నిలబడి, చెవి మాత్రం పైకి వేసి ఉంచుతారు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకున్న మోకు పైకి జరిగితే సర్రుమంటుంది. పాదాలకు తగిలించుకున్న గుజి బెరడును పట్టితే టక్కుమంటుంది. సర్రు, టక్కు కలిస్తే ఒక పట్టు.

చిలుకమ్మకు పెళ్ళయి ఎనిమిదేళ్ళు. మొగుడు మొగిలి వంతుకు వచ్చిన ఇరవై రెండు తాటిచెట్లలో ఏది ఎన్ని పట్లో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. తాటిచెట్టును వాళ్ళు తాడనే అంటారు. వాగొడ్డున ఉన్న పొట్టితాడు పన్నెండు. జంటతాళ్ళలో తూర్పుది పంతొమ్మిది, పడమటిది ఇరవై ఒకటి. జెండాతాడు ముప్పై ఒకటి. ఈ లెక్క మాత్రం మనసులోనే ఉండాలి. పైకి అంటే చెట్టు మీదున్నవాడికి అరిష్టమని, గీతకారుల దేవుడు కాటమయ్యకు కోపమొస్తుందని ఆ వనం పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న కట్టుబాటు. చిలుకమ్మ ఎనిమిదేళ్ళూ పెదవి కదపకుండానే లెక్కపెట్టింది.

జెండాతాడు అన్న పేరు పాతది కాదు. అరవైతొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని ఊరూరా పిల్లలు బడులు మానేసి రోడ్డెక్కిన రోజుల్లో, నర్సింహులపేట దిక్కు నుంచి పోలీసు జీపు వస్తోందని తెలిసి కూడా, పంతొమ్మిదేళ్ళ మొగిలి ఆ వనంలో అన్నిటికన్నా పొడుగు చెట్టెక్కి కొసన ఆకుల మొవ్వు మీద జెండా కట్టాడు. కింద జవాన్లు లాఠీలు ఊపుతూ దిగరా దిగరా అని అరిచారు. పొద్దు గూకేదాకా దిగలేదు. దిగాక వీపు మీద పడినవి ఎన్నో అతను లెక్కపెట్టుకోలేదు. ఆ కథ వినే చిలుకమ్మ ఈ సంబంధానికి తల ఊపింది.

డెబ్బై ఎనిమిది మాఘమాసంలో ఊరిమీద జ్వరాలు పడ్డాయి. ముక్కు కారడం, ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టు నొప్పులు, చలి. సగం ఊరు పడుకుంది, సగం ఊరు కషాయాలు కాచింది. మొగిలి అయిదు రోజులు మంచం దిగలేదు. ఆ అయిదు రోజులూ అతని చెట్లు శ్రీశైలం గీశాడు. శ్రీశైలమంటే మొగిలికి పెదనాన్న కొడుకు, కల్లుగీసే గౌండ్ల సంఘానికి పెద్ద. ఊరికే సాయం చేశాడని కాదు. తాటిగెలకు రెండు పూటలా కత్తి తగలాలి. నాలుగు రోజులు తగలకపోతే గెల ఎండిపోతుంది, మళ్ళీ ఏడాదిదాకా చుక్క రాదు. చెట్టుకు మనిషి జ్వరంతో పని లేదు.

ఆరోనాడు జ్వరం విడిచింది. మొగిలి మోకు, గుజి, కత్తి, ముస్తాదంతా కట్టుకుని వనంలోకి నడిచాడు. చిలుకమ్మ కుండ పట్టుకుని వెనకే వచ్చింది. మొదటి రెండు మూడు రోజులు పట్లు మెల్లగా పడ్డాయి. జ్వరం పడ్డ ఒళ్ళు గదా అనుకుంది. వారం గడిచింది. వారం గడిస్తే మనిషి తేరుకోవాలి గదా? మొగిలి పట్లు తేరుకోలేదు సరిగదా, ఒకరోజు పొద్దున పొట్టితాడు కాడ ఐదో పట్టు పడి ఆగిపోయింది. చిలుకమ్మ ఆరోది కోసం చెవి పెట్టి నిలబడింది. తన ఊపిరి తాను లెక్కపెట్టుకుంది. పది అయ్యాక గానీ సర్రుమనలేదు.

అతను దిగాక అడిగింది. "ఏందయ్యా, ఆగినవ్?"

"ఏం లేదు. మోకు సదురుకున్న" అన్నాడు మొగిలి. అంటూనే చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మాఘమాసం చలిలో నొసటి మీద చెమట.

మొగుడు అబద్ధమాడితే పెళ్ళానికి తెలియకపోదు. మరునాడు జంటతాళ్ళ దగ్గరా ఐదో పట్టుకే ఆగాడు, మళ్ళీ తొమ్మిదికి, మళ్ళీ పదమూడుకు. చిలుకమ్మ ఆ రోజు నుంచి మొగుణ్ణి దొంగను కనిపెట్టినట్టు కనిపెట్టసాగింది. అన్నం సగం తిని చెయ్యి కడుగుతున్నాడు. వెల్లకిలా పడుకుంటే ఎదలో పొడుస్తున్నదని గోడకు ఒరిగి కూచునే కునికిపాట్లు పడుతున్నాడు. బిందెడు నీళ్ళు బావి నుంచి ఇంటికి తేవడానికి రెండు చోట్ల దించుతున్నాడు. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటుంటే చూసింది. పొద్దున గుజి ఒరుసుకున్న అచ్చులు చీలమండల మీద అట్లాగే ఉన్నాయి. ఎప్పుడూ గుజి విప్పిన కాసేపటికే మాసిపోయేవి. బొటనవేలితో నొక్కి చూసింది. పిండిముద్దలో వేలు గుచ్చినట్టు గుంట పడి, ఎంతసేపటికీ పూడలేదు.

"ఇటు రా" అని అతని ఎడమ రొమ్ము కింద చెయ్యి పెట్టింది. మొగిలి అప్పటికి గంట నుంచి కదలకుండా కూచుని ఉన్నాడు. లోపల మాత్రం మైలు దూరం ఉరికొచ్చినట్టు కొట్టుకుంటోంది. ఆ కొట్టుకోవడం కూడా తిన్నగా లేదు. మూడు కొట్టి ఒకటి మింగుతోంది. చిలుకమ్మకు చదువు రాదు, లెక్క మాత్రం వచ్చు. లెక్క తప్పింది. ఆమెకు భయం వేసింది, ఆ భయం వెంటనే కోపంగా మారింది.

మరిపెడ నుంచి సైకిలు మీద వచ్చి సూదులు వేసిపోయే సుదర్శన్‌ను ఊరంతా డాక్టరనే పిలుస్తారు. ఏ రోగానికైనా ఆయన దగ్గర రెండే మందులు, ఎర్రసూది, తెల్లసూది. మొగిలికి ఎర్రది వేశాడు.

"జరం వడ్డంక నీరసం ఉంటది. మాంసం తిను, పని జెయ్యి. చెమటవడితె అదే వోతది" అన్నాడు సూది డబ్బాలో పెట్టుకుంటూ.

"నీరసమైతె దినదినం తగ్గాలె గదా సారూ? గిది దినదినం పెరుగుతాంది. కాళ్ళల్ల నీరు వట్టింది. గుండె సప్పుడు సూడు ఒక్కపారి" అంది చిలుకమ్మ.

"డాక్టర్ నువ్వా, నేనా?"

"నువ్వే అయితె సూడు మరి!"

ఆయన చూడలేదు. సైకిలు స్టాండు తీసి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. కోపం వస్తే బెల్లు కొట్టడం ఆయన అలవాటు, దారిలో మేక కూడా లేకపోయినా కొడతాడు.

ఈలోగా ఊరు తన వైద్యం తాను మొదలుపెట్టింది. కల్లు తాగే మండువలో నలుగురు కూడితే అదే మాట. మొగిలికి బెదురు పట్టింది. గౌండ్ల ఇళ్ళలో ఈ మాట కన్నా పెద్ద తిట్టు లేదు. చెట్టెక్కుతూ మధ్యలో ఆగినవాడిని చూసి వాళ్ళు మరోలా అనుకోలేరు. ఏ వృత్తి వాడికి ఆ వృత్తి ఆపదే కళ్ళ ముందు ఆడుతుంది. అయిదేళ్ళ కింద మొగిలి తండ్రి కనకయ్య తూర్పు జంటతాడు మీద నుంచి పడి చచ్చిపోయాడు. తండ్రి చావు ఇన్నాళ్ళకు కొడుకు కళ్ళల్లోకి వచ్చిందని, జ్వరంలో కలవరించి బెదురు గట్టిపడిందని శ్రీశైలం తేల్చేశాడు. పదిమంది తలలూపారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

బెదురుకు మందు ఉంది. బెదిరినవాణ్ణి వనంలో అన్నిటికన్నా ఎత్తయిన చెట్టు దగ్గరికి తీసుకుపోతారు. కాటమయ్యకు కోడిని కోస్తారు, మోకుకు పసుపు పెడతారు. కులమంతా చూస్తుండగా అతను తన సొంత మోకుతోనే మొవ్వుదాకా ఎక్కి, ఒక ఆకు విరిచి కిందికి వేయాలి. వేస్తే బెదురు తీరినట్టు. ఎక్కకపోతే అతను చెట్టు దిగినవాడు, అతని చెట్లు నలుగురికీ పంచేస్తారు. మొగిలికి గురువారం ముహూర్తం పెట్టారు. జెండాతాడు, ముప్పై ఒక్క పట్లు.

కబురు తెలిసిన మధ్యాహ్నం చిలుకమ్మ వాకిట్లో మొగుడి ముందు కూచుంది.

"నిజం జెప్పు. బయమయితాందా నీకు?"

మొగిలి నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "బయమేందే! ఊపిరి ఆడ్తలేదు. ఐదో పట్టు కాడికి పోంగనే కండ్లు మసకలైతయి. గుండె గొంతులకు వస్తది."

"గా ముచ్చట వాళ్ళకు జెప్పు."

"జెప్తె నవ్వుతరు చిలుకా. బెదిరినోడు గట్లనే సాకులు జెప్తడంటరు. పోలీసోల్లు కింద నిలవడ్డనాడు ఎక్కిన చెట్టది. ఇయ్యాల ఎక్కకపోతె ఆ జెండా కట్టింది గూడ అబద్దమైతది."

"సస్తవ్."

"సస్తె చెట్టు మీద సస్త. దిగినోడనిపిచ్చుకోను."

చిలుకమ్మకు వాణ్ణి కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. బతికుంటే బలుసాకు తినవచ్చని పెద్దలు ఊరికే అన్నారా? ఈ మొగవాళ్ళకు ప్రాణం కన్నా పేరు ముద్దు. లేచి అత్త గట్టమ్మ దగ్గరికి పోయింది. గట్టమ్మ చాటలో నూకలు చెరుగుతోంది.

"అత్తా, ఒక్కపారి వనంలకు రా. నీ కొడుకు మోకు సప్పుడు విను. ముప్పై ఏండ్లు మామ పట్లు ఇన్నవ్ నువ్వు. నీకు తెల్వకుంట ఉండది."

గట్టమ్మ చాట ఆపలేదు. కనకయ్య పడ్డనాటి నుంచి ఆమె వనం పొలిమేర తొక్కలేదు. "నా చెవులు ఆనాడే సచ్చిపోయినయ్" అంది. చాట మళ్ళీ ఎగరేసి, "నా కొడుకు బెదిరినోడని ఊరంత అంటాంది. ఎక్కి సూపెట్టనీ" అంది. ఆ మాట గట్టిగానే అంది గానీ, చాటలోంచి నూకలు నేలపాలయ్యాయి.

ఇంట్లో ఆడవాళ్ళు మోకును దాటరు, తాకరు. గౌండ్ల ఇంట్లో మోకు దేవుడి లెక్క. గురువారం పొద్దున మొగిలి స్నానానికి బావి దగ్గరికి పోగానే చిలుకమ్మ కొయ్యకు వేలాడుతున్న మోకును దించింది. మూడేళ్ళ కింద నార తెచ్చి, తోలు తెచ్చి, మొగిలి పదిహేను రోజులు కూచుని పేనిన మోకు అది. అతని చెమటకు నల్లబడి నున్నగా మెరుస్తోంది.  చిలుకమ్మ గీతకత్తి తీసి, గడప మీద మోకు ఆనించి కోసింది. మంచి మోకు, ఒక పట్టాన తెగలేదు. ఏడుస్తూ కోసింది, తిట్టుకుంటూ కోసింది. రెండు ముక్కలయ్యాక కొంగున కళ్ళు తుడుచుకుని, ముక్కలు రెండూ భుజాన వేసుకుని, కత్తి నడుములో దోపుకుని నేరుగా వనంలోకి నడిచింది. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది మరో దారి అంటారు. ఆ పొద్దు ఉలిపికట్టె ముందు నడిచింది, ఊరు వెనక వచ్చింది.

జెండాతాడు కింద అప్పటికే నలభై యాభైమంది చేరారు. కోడి కాళ్ళు కట్టి ఉంది. శ్రీశైలం కొత్త తువ్వాల చుట్టుకుని పసుపు ముద్ద పట్టుకుని కూచున్నాడు. చిలుకమ్మ మోకు ముక్కలు అతని ముందు పడేసింది.

"ఇగో బావా. దేనికి పసుపు వెడ్తవో వెట్టు."

ఆడవాళ్ళు నోళ్ళ మీద చేతులు వేసుకున్నారు. ఎవరో ముసలాయన కాటమయ్యా అని చెంపలేసుకున్నాడు. శ్రీశైలం లేచి నిలబడ్డాడు.

"మోకు కోసినవా? ఆడదానివై మోకు మీద కత్తివెట్టినవా?"

"పెట్టిన. కొత్త మోకు పేనాలంటె పక్షం దినాలు వడ్తది. గీ పక్షంల నా మొగన్ని పెద్ద దవాఖానకు తోల్కవోయి సూపెడ్త. ఆనికి బెదురు లేదు, రోగమున్నది."

"రోగముంటె సుదర్శన్ డాక్టర్ జెప్పడా?"

"ఆయన గుండె సప్పుడు ఇన్నడా జెప్పతందుకు? బావా, నువ్వు నలబై ఏండ్ల సంది చెట్లెక్కుతున్నవ్. నన్ను కాదు, నిన్ను నువ్వే అడుగు. బెదిరినోడు ఏడ ఆగుతడు? మొవ్వు కాడ ఆగుతడు, ఇరవయ్యో పట్టుకు కిందికి సూసి ఆగుతడు. నా మొగడు ఐదో పట్టుకు ఆగుతాండు. ఐదో పట్టు కాడికెళ్ళి పోరగాండ్లు దుంకుతరు, కాలు గూడ బెణకది. ఆడ ఎవనికన్న బయమైతదా?"

 జవాబు లేని మాటంటే పెద్దమనుషులకు ఒళ్ళు మంట. అప్పటికే మొగిలి తడిబట్టలతో ఉరుక్కుంటూ వచ్చి, తెగిన మోకును చూసి నిలువునా చచ్చిపోయి నిలబడ్డాడు. ఆ ఉరుకుకే అతని రొమ్ము ఎగిసెగిసి పడుతోంది. అది ఎవరికీ కనబడలేదు, అతని కళ్ళలో నీళ్ళు మాత్రం అందరికీ కనబడ్డాయి.

"పెండ్లాంతోని మోకు కోయిపిచ్చుకున్నవారా?" అని ఒకడు నవ్వాడు.

మొగిలి మొహం మాడిపోయింది. శ్రీశైలం తన మోకు తీసి అతని చేతికిచ్చాడు. సొంత మోకుతోనే ఎక్కాలన్న కట్టుబాటు ఏమైందని అడిగేవాడు లేడు. పెద్దమనిషి చేతిలో కట్టుబాటు పచ్చి ఈతబరిక, ఎటు వంచితే అటు వంగుతుంది. "ఎక్కు. నీ పెండ్లాం నోరు ముయ్యాలె" అన్నాడు.

చిలుకమ్మ అడ్డం పోయింది. ఇద్దరు మొగవాళ్ళు రెక్కలు పట్టుకుని వెనక్కి లాగారు. మొగిలి ఆమె వైపు చూడకుండా గుజి తొడిగాడు, మోకు చుట్టుకున్నాడు. సర్రు, టక్కు.

"ఒకటి."

ఆ గొంతు చిలుకమ్మది కాదు. జనం పక్కకు తప్పుకున్నారు. గట్టమ్మ ఎప్పుడు వచ్చిందో, ఎటు నుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. అయిదేళ్ళకు వనంలో అడుగుపెట్టిన ముసల్ది కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి నిలబడి ఉంది.

"రెండు" అంది గట్టమ్మ పైకే. కట్టుబాటు తెలియక కాదు.

"చిన్నమ్మా! లెక్క పైకి అనొద్దు" అన్నాడు శ్రీశైలం కంగారుగా.

"మూడు."

నాలుగో పట్టు ఆలస్యంగా పడింది. ఐదోది పడ్డాక ఆరోది రాలేదు.  మొగిలి చెట్టుకు నుదురు ఆనించాడు. చేతులు మోకును పట్టుకునే ఉన్నాయి, పైకి జరపడం వాటి వల్ల కావడం లేదు. నేలకు నిలువున్నర ఎత్తులో, చేయి చాస్తే పాదాలు అందేంత దగ్గరలో ఆ ఊరి మొనగాడు గాలి కోసం నోరు తెరిచి కొట్టుకుంటున్నాడు.

గట్టమ్మ కళ్ళు తెరిచింది. "బెదిరినోని మోకు గిట్ల పల్కది. బెదిరినోడు కురుస కురుస పట్లు వడ్తడు. నా కొడుకు నిండుపట్టు వడ్తాండు. పట్టు ఉన్నది, ఊపిరి లేదు" అంది. అని చెట్టు మొదటికి పోయి, కొడుకు పాదాలకు చేతులు అందేలా పైకి చాపింది. "దిగు బిడ్డా. మీ బాపు శవానికి ఎదురు పోయినట్టు నీకు నేను రాను. దిగు."

మొగిలి దిగాడు. దిగాడనడం కన్నా జారాడనడం సబబు. చిలుకమ్మ పట్టుకున్నవాళ్ళను విదిలించుకుని వచ్చి ఒడిలో పడుకోబెట్టుకుంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. అప్పుడు కనబడింది జనానికి. రోగం వచ్చి చేతుల్లో పడ్డాక గుర్తుపట్టడం పెద్ద విద్యేమీ కాదు. చిలుకమ్మ ఎవరి మొహమూ చూడకుండా "బండి గట్టుండ్రి" అంది. ఆ గొంతుకు ఇద్దరు కుర్రవాళ్ళు మారు మాట్లాడకుండా బండి కట్టారు.

బండిలో మరిపెడ, అక్కడ్నుంచి ఎర్రబస్సులో మానుకోట, మానుకోటలో ప్యాసింజరు పట్టుకుని వరంగల్. అత్తాకోడళ్ళు ఇద్దరూ మొగిలిని చెరో భుజాన ఆనించుకుని పెద్ద దవాఖాన మెట్లెక్కించారు. అక్కడ డాక్టరమ్మ సులోచన, జనగామ దిక్కు మనిషి. చెవులకు గొట్టం పెట్టుకుని చాలాసేపు విన్నది. ఎదకు, చేతులకు తీగలు పెట్టి కాగితం మీద గీతలు తీయించింది. ఎదకు ఫొటో తీయించింది.

"గుండె వాచింది" అంది కాగితం చూపిస్తూ. "మొన్న వచ్చిన జ్వరం ఉన్నది చూడు, దాని పురుగే గుండె కండ మీద పడ్డది. జ్వరం పోయిందని మీరనుకుంటరు, అది లోపల దాని పని చేస్తనే ఉంటది. ఇసువంటోళ్ళు నీరసమే గదా అని బరువులు మోసి, ఉరికి, ఉన్నపాటున పడిపోతరు. ఆ చెట్టు ముప్పై పట్లు ఎక్కితే ఈయన దిగేటోడు కాదు."

గట్టమ్మ నేల మీద చతికిలబడింది. చిలుకమ్మ నిలబడే ఉంది.

"మీ ఊళ్ళె ఎవరు గుర్తువట్టిండ్రు?" అడిగింది డాక్టరమ్మ.

"నేనే. ఐదో పట్టుకు ఆగిండు. ఎన్నడు ఆగనోడు" అని, కాళ్ళలో గుజి అచ్చులు మాయకపోవడం, గోడకు ఒరిగి పడుకోవడం, మూడు కొట్టి ఒకటి మింగడం వరసగా చెప్పింది చిలుకమ్మ. డాక్టరమ్మ కలం ఆపి, పట్టు అంటే ఏందో అడిగి తెలుసుకుని, ఆ మాటలన్నీ మొగిలి కాగితంలో రాసుకుంది. ఊళ్ళో ఎవరూ చెవిన వేసుకోని మాటలు దవాఖాన కాగితం మీదికి ఎక్కాయి. చిలుకమ్మకు అప్పుడు ఏడుపు వచ్చింది.

మూడు వారాలు దవాఖానలో ఉంచారు. ఒంట్లో నీరు దిగడానికి, గుండె నిమ్మళించడానికి మాత్రలు ఇచ్చారు. అన్నిటికన్నా పెద్ద మందు మంచం. చెట్టు మాట నేను పరీక్ష చేసి చెప్పేదాకా ఎత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

ఊరికి రాగానే సంఘం కూచుంది. మొగిలి చెట్లు అప్పటికే పంచేసుకున్నారు. మోకు కోసినందుకు చిలుకమ్మ ఆ ముక్కలకు నొసలు ఆనించి, తప్పయిందని పదిమందిలో అనాలట. అంటే చెట్ల సంగతి ఆలోచిస్తారట.

"మొగడు బతికొచ్చినందుకు తప్పు ఒప్పుకోవాల్నా?" అంది చిలుకమ్మ. "దేవునికి దండం వెడ్త. మోకుకు గూడ వెడ్త. తప్పన్న మాట నా నోట్లకెళ్ళి రాదు. రేపు మల్ల అవసరమొస్తె మల్ల కోస్త. నీదైన సరే బావా, కోస్త."

అని లేచి వచ్చేసింది. ఆ యేడు ఆమె నాట్లకు పోయింది, కలుపుకు పోయింది, గట్టమ్మ ఇంటి దగ్గర చీపుర్లు కట్టింది. సులువుగా గడిచిందని చెప్తే అబద్ధం. కూరలేని పూటలు ఉన్నాయి. మండువ ముందు నుంచి పోతుంటే మోకు కోసింది వస్తోందని వినబడేట్టు అనేవాళ్ళు ఉన్నారు. "అవు, కోసిన" అని వాళ్ళకు వినబడేట్టే అనేది. మొగిలి మొదట్లో ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఒకరోజు గోడకు ఆనుకోకుండా వెల్లకిలా పడుకుని తెల్లారిందాకా నిద్రపోయి లేచాడు. లేచి, "నార తే" అన్నాడు. కొత్త మోకు పేనడానికి కూచున్నాడు. అత్తాకోడళ్ళు నార చీల్చి ఇచ్చారు. తాకకూడదన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు.

మళ్ళీ మాఘం వచ్చేసరికి డాక్టరమ్మ మూడుసార్లు గీతలు తీయించి, పొట్టిచెట్లు మెల్లగా ఎక్కొచ్చని ఒప్పుకుంది. శ్రీశైలం గుణుక్కుంటూ వాగొడ్డు చెట్లు అయిదు తిరిగి ఇచ్చాడు. ఆ యేడు కూడా జ్వరాలు వచ్చాయి. శ్రీశైలం తానూ పది రోజులు మూలిగి, నిన్నగాక మొన్న లేచాడు.

ఆ పొద్దు వనంలో అందరూ ఉన్నారు. మొగిలి పొట్టితాడుకు మొక్కి కొత్త మోకు చుట్టుకున్నాడు. చిలుకమ్మ కుండ కింద పెట్టి నడుము మీద చేతులు వేసుకుంది.

"ఒకటి" అంది బిగ్గరగా.

పక్కచెట్టు కింద ముస్తాదు కట్టుకుంటున్న శ్రీశైలం ఉలిక్కిపడ్డాడు. చిలుకమ్మ ఆపలేదు. రెండు, మూడు, నాలుగు. ఐదో పట్టు పడింది. "ఐదు" అంది. నిరుడు ఇక్కడే, ఇదే ఎత్తులో, తన ఊపిరి తాను లెక్కపెట్టుకుంటూ నిలబడింది.

"ఏయ్, నోరు ముయ్! లెక్క పైకి అనొద్దని తెల్వదా?" అని అరిచాడు శ్రీశైలం.

పైన సర్రుమంది. టక్కుమంది.

"ఆరు" అంది చిలుకమ్మ అతని కళ్ళలోకి చూస్తూ.

ఏడు, ఎనిమిది, తొమ్మిది అన్నీ అతని మొహం మీదే చెప్పింది. పన్నెండు అన్నప్పుడు మొగిలి మొవ్వు అందుకుని కేక పెట్టాడు. చిలుకమ్మ తొమ్మిదేళ్ళలో మొదటిసారి తలెత్తి మొగుణ్ణి చూసింది.

శ్రీశైలం కాండ్రించి ఉమ్మి, తన చెట్టుకు మోకు వేసి గుజి తొడిగాడు. కింద అతని భార్య కొమురమ్మ, ముప్పై ఏళ్ళుగా మొగుడి ముందు నోరు విప్పని మనిషి, కుండ దించి చిలుకమ్మ పక్కకు వచ్చి నిలబడింది.

"పది దినాలు జరం వడ్డవ్. మెల్లగ ఎక్కు, నేను ఇంటున్న" అంది. మోకు సర్రుమంది.

"ఒకటి" అంది కొమురమ్మ.